కదిలే పండుగ, కదలని పండుగ: మా గంగవరం సంఘపు ఏడాది లెక్క

మొదటి సంవత్సరం చదివేటప్పుడు హాస్టలులో నా గదిమిత్రుడు ఒక ప్రశ్న వేశాడు. "క్రిస్మసు ప్రతి ఏడూ డిసెంబరు 25నే వస్తుంది గదా! మరి మీ ఈస్టరు ఒక ఏడు మార్చిలోనూ, ఒక ఏడు ఏప్రిల్లోనూ వస్తుందేమి? ఎవరు నిర్ణయిస్తారు?" నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి, సండే స్కూల్లో బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి. అయినా జవాబు తెలియలేదు. "క్యాలెండర్లో వేస్తారు" అన్నాను. "క్యాలెండరు వేసేవాడికి ఎవరు చెబుతారు?" అన్నాడు. వాడిదీ గణితమే, ఊరికే వదిలే రకం కాదు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వను అడిగాను. ఆమె అనపకాయలు ఒలుస్తా తల ఎత్తకుండానే చెప్పింది. "దాంట్లో ఏముండాదిరా, పున్నమి చూసుకుంటే సరిపాయె. ఈస్టరు తెల్లారుజామున చందమామ లేకుండా నేనెన్నడూ చూళ్ళేదు." అవ్వ బడికి పోయినది కాదు. ఆ మాట నిజమా కాదా అని లెక్క వేయబోయి, ఆ లెక్కలోంచి మా ఊరి గుడిలో జరిగే పండుగలన్నిటి మీదికీ నా ధ్యాస మళ్ళింది. ఈ వ్యాసం ఆ విధంగా పుట్టింది. మతబోధ చేయాలని రాసింది కాదు. ఖగోళం మీద ఇష్టం ఉన్నవారూ, వ్యవసాయం ఎరిగినవారూ, ఇద్దరూ దీన్ని చదవవచ్చును.

మా గంగవరం పలమనేరు పక్కనే ఉంది. సముద్రమట్టానికి దరిదాపు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉన్న మెట్ట సీమ ఇది. ఎర్రమట్టి, గుండ్రాళ్ళ గుట్టలు, వానను నమ్ముకున్న చెరువులు. పంటలు చెనిక్కాయ, రాగి, ఉలవ, అనప, కొంత వరి. బోర్లు వచ్చాక టమేటా, మల్బరీ వచ్చినాయి. ఈ ప్రాంతానికి క్రైస్తవం వచ్చింది ఆర్కాటు మిషను ద్వారా. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి తరఫున స్కడ్డరు సోదరులు 1853లో దాన్ని స్థాపించారు. వారి వెనుక వచ్చిన డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెలో కాపురం పెట్టి, ఒక చేత్తో మందులపెట్టె, ఇంకొక చేత్తో తెలుగు పుస్తకాలు పట్టుకొని ఊళ్ళు తిరిగాడు. తెలుగు బైబిలు సవరణలో కూడా ఆయన చేయి ఉంది. ఈ మిషను సంఘాలు 1908లో సౌత్ ఇండియా యునైటెడ్ చర్చిలోనూ, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోనూ (సి.ఎస్.ఐ.) కలిశాయి. ఇప్పుడు మాది రాయలసీమ డయోసీసు.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. రిఫార్మ్‌డ్ సంఘాలవారు పండుగల విషయంలో పొదుపరులు. ఆంగ్లికన్లు అలా కాదు, ఏడాది పొడుగునా కాలాలూ, ఆ కాలాలకు రంగులూ పాటించేవారు. అందరూ ఒకే ఇంట్లో చేరాక మా వంటి పల్లెటూరి గుళ్ళకు కూడా ఒక నిండు ఏడాది పట్టిక దొరికింది. ఆగమన కాలం, క్రిస్మసు, శ్రమల కాలం (దీన్నే లెంటు అంటాము), మట్టల ఆదివారం, శుభ శుక్రవారం, ఈస్టరు, ఆరోహణం, పెంతెకొస్తు, అటుపైన కోత పండుగ. బల్ల మీద పరిచే గుడ్డ రంగు కూడా వీటిని బట్టి మారుతుంది. ఊదా, తెలుపు, ఎరుపు, పచ్చ.

ఇక లెక్కకు వద్దాము.

మన తెలుగు పండుగల్లో సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తుంది, అందువల్ల ఇంగ్లీషు తేదీ దాదాపు మారదు. ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తుంది, అందువల్ల మార్చి, ఏప్రిల్ మధ్య ఊగుతూ ఉంటుంది. క్రిస్మసు సంక్రాంతి జాతి, ఈస్టరు ఉగాది జాతి. ఈ ఒక్క ముక్క చెబితే నా మిత్రుడికి సగం అర్థమైపోయింది.

క్రీస్తు సిలువ వేయబడింది యూదుల పస్కా పండుగ దినాలలో. పస్కా వారి నీసాను నెల పున్నమినాటి పండుగ. కనుక పునరుత్థాన పండుగను కూడా వసంతకాలపు పున్నమికి కట్టారు. క్రీ.శ. 325లో నైసియా సభ అన్ని సంఘాలూ ఒకే ఆదివారం నాడు ఈ పండుగ చేయాలని తీర్మానించింది. కాలక్రమాన స్థిరపడిన నియమం ఇది: మార్చి 21న గానీ, ఆ తరువాత గానీ వచ్చే మొదటి పున్నమి తరువాతి ఆదివారం ఈస్టరు. పున్నమి ఆదివారమే పడితే దాని పై ఆదివారం. దీని ప్రకారం ఈస్టరు మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు.

అయితే ఆ పున్నమిని ఆకాశంలో చూసి చెప్పరు, పట్టికలో చూసి చెబుతారు. పట్టికకు ఆధారం క్రీ.పూ. 432లో ఏథెన్సులో మీటన్ అనే పండితుడు ప్రకటించిన చక్రం. 19 సౌర సంవత్సరాలకు 6,939.60 రోజులు. 235 చాంద్రమాసాలకు 6,939.69 రోజులు. తేడా రెండు గంటల పైచిలుకు మాత్రమే! అంటే ప్రతి 19 ఏండ్లకూ పున్నములు మళ్ళీ అవే తేదీలలో వస్తాయి. 19ని 12తో గుణిస్తే 228. 235 కావాలంటే ఇంకా ఏడు నెలలు కావాలి. మన పంచాంగంలో 19 ఏండ్లకు ఏడు అధికమాసాలు రావడం ఈ లెక్క వల్లనే. అధికమాసం వేసే సిద్ధాంతి గారూ, ఈస్టరు తేదీ వేసే పాదిరీ గారూ ఒకరినొకరు చూసుకొని ఉండరు గాని, ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే లెక్క.

1900 నుంచి 2099 వరకు పనికివచ్చే ఒక సులభమార్గం చెబుతాను, మిత్రులు కాగితం తీసుకోండి. సంవత్సరాన్ని 19తో భాగించి శేషం తీసుకోవాలి. ఆ శేషాన్ని 19తో గుణించి 24 కలపాలి. వచ్చినదాన్ని 30తో భాగించి మళ్ళీ శేషం తీసుకోవాలి. మార్చి 21కి అన్ని రోజులు కలిపితే పండుగ పున్నమి వస్తుంది. 2025కు చేసి చూద్దాము. 19తో భాగిస్తే శేషం 11. పదకొండు పందొమ్మిదులు 209, దానికి 24 కలిపితే 233. దాన్ని 30తో భాగిస్తే శేషం 23. మార్చి 21కి 23 రోజులు కలిపితే ఏప్రిల్ 13. ఆ రోజు ఆదివారమే అయింది, కనుక పండుగ ఏప్రిల్ 20కి పోయింది. ఇదే విధంగా 2024కు మార్చి 25 పున్నమి, మార్చి 31 ఈస్టరు. 2026కు ఏప్రిల్ 2 పున్నమి, ఏప్రిల్ 5 ఈస్టరు. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త పడాలి. చివరి శేషం 29 వస్తే 28గా తీసుకోవాలి. 28 వచ్చి, మొదటి శేషం 10 కంటే ఎక్కువైతే 27గా తీసుకోవాలి.

ఇప్పుడు అవ్వ మాట పరీక్షిద్దాము. ఈస్టరు ఎప్పుడూ పున్నమి దాటిన ఒకటి నుంచి ఏడు రోజుల లోపల వస్తుంది. పున్నమి మరునాడైతే తెల్లవారుజామున చంద్రుడు పడమట దిగుతూ ఉంటాడు. ఏడో నాడైతే సగమై దక్షిణాన పైకెక్కి ఉంటాడు. ఏ విధంగా చూసినా నాలుగు, అయిదు గంటల వేళ ఆకాశంలో ఉండి తీరాలి. మా సంఘంలో ఈస్టరు మొదటి ఆరాధన గుడిలో కాదు, సమాధుల తోటలో జరుగుతుంది. చీకటితోనే లేచి, పూలూ కొవ్వొత్తులూ పట్టుకొని, ఎవరి పెద్దల సమాధి దగ్గర వారు నిలబడతారు. ఏండ్ల తరబడి ఆ వేళకు ఆ తోటలో నిలబడిన మనిషికి పైన ఏముందో తెలియకుండా ఎట్లా ఉంటుంది? 2025 ఏప్రిల్ 20 తెల్లవారుజామున నేను తల ఎత్తి చూశాను. దక్షిణాన సగం చందమామ ఉంది. నా లెక్కా, అవ్వ కన్నూ ఒకటే చెప్పాయి. ఆమె మాత్రం ఆ పూట చంద్రుణ్ణి చూడలేదు, తాత సమాధి మీద గడ్డి పీకుతా ఉండింది.

ఇంకొక చిన్న సంగతి, స్వంత గొడవ అనుకోకపోతే. నేను 2006లో మట్టల ఆదివారం నాడు పుట్టాను. ఆ ఏడు పండుగ పున్నమి ఏప్రిల్ 13. నాకు పందొమ్మిది నిండిన 2025లో కూడా పండుగ పున్నమి ఏప్రిల్ 13. ఒక చక్రం పూర్తి అయిందన్నమాట. ఇది అవ్వకు చెబితే "అయితే ఇంగ బుద్ధి రావల్ల" అంది.

పట్టిక అన్నాను గదా, పట్టికకూ ఆకాశానికీ పొత్తు కుదరని ఏండ్లు కూడా ఉన్నాయి. 2019లో మార్చి 20 రాత్రి (గ్రీనిచ్ కాలమానం) విషువత్తు జరిగింది. నాలుగు గంటలు గడవక ముందే మార్చి 21న పున్నమి వచ్చింది. ఆకాశాన్ని నమ్మితే ఈస్టరు మార్చి 24న రావాలి. సంఘపు పట్టికలో మాత్రం ఆ పున్నమి మార్చి 20నే అయిపోయినట్టు ఉంది. కనుక దాన్ని వదిలి ఏప్రిల్ 18 నాటి పున్నమిని పట్టుకొని, ఏప్రిల్ 21న పండుగ చేశారు. ఫాల్గుణ పున్నమిని వదిలి చైత్ర పున్నమికి పోయినారన్నమాట. ఇది తప్పా? నేను చాలా రోజులు తప్పే అనుకున్నాను. భౌతికశాస్త్రం చదివేవాడికి పట్టిక కంటే ఆకాశం పెద్దది గదా. తరువాత ఒక సంగతి తోచింది. పున్నమి ఘడియ ఒక్కటే అయినా, ఆ ఘడియకు ఒక దేశంలో బుధవారం, ఇంకొక దేశంలో గురువారం అయి ఉంటుంది. ఆకాశాన్నే నమ్మితే ఊరికొక ఈస్టరు వచ్చే ప్రమాదం ఉంది. లోకమంతా ఒకే రోజు చేయాలంటే పట్టిక తప్పదు. (ఇంత చేసినా తూర్పు సంఘాలవారు జూలియన్ క్యాలెండరు పట్టుకొని వేరే రోజు చేస్తారు. 2025లో మాత్రం రెండూ ఒకే రోజు కలిశాయి.) ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, కోత పండుగ దగ్గర దీనితో పని పడుతుంది.

లెక్కలు చాలించి ఊళ్ళోకి వస్తాను. మా గుడి ఏడాది ఆగమన కాలంతో, అంటే క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారాలతో మొదలవుతుంది. ఆ వేళకు రాగి కోతలు అయిపోతూ ఉంటాయి, అనప చేను వాసన వేస్తూ ఉంటుంది. రాత్రిళ్ళు క్యారల్సు పాడేవాళ్ళు ఇంటింటికీ తిరుగుతారు. మంచు విపరీతం. లాంతర్లు పోయి బ్యాటరీ లైట్లు వచ్చాయి గాని తలకు తువ్వాలు కట్టుకోవడం పోలేదు. క్రిస్మసు నాడు మా ఇళ్ళల్లో కేకు కంటే ముఖ్యమైనది పితికిపప్పు కూర. పండుగకు బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు మొదట అడిగేది దాన్నే. పశువుల పాక బొమ్మ కట్టేటప్పుడు పిల్లలు అందులో పుంగనూరు పొట్టి ఆవును పెడతారు. బేత్లెహేములో అది ఉండిందా అని ఎవరూ అడగరు. మాది పొట్టి ఆవును పెంచి కాపాడుతున్న పశు పరిశోధనా కేంద్రం ఉన్న పలమనేరు పక్క ఊరాయె!

లెంటు భస్మ బుధవారంతో మొదలై, ఆదివారాలు లెక్కవేయకుండా నలభై రోజులు నడుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు. చింతపండు కొట్టే కాలం. మధ్యాహ్నం చింతపండు కొట్టిన ఆడవాళ్ళు సాయంత్రం చేతులు కడుక్కొని ప్రార్థనకు వస్తారు. ఈ నలభై రోజులూ మా వాళ్ళల్లో పెళ్ళిళ్ళు ఉండవు. కొందరు మాంసం మానేస్తారు. చెరువు అడుగుకు పోతూ ఉంటుంది, పొలం పని తక్కువ. ఉపవాసానికి ఇంతకంటే అనువైన కాలం మా సీమలో ఇంకొకటి లేదు. మట్టల ఆదివారానికి ఖర్జూర మట్టలు ఎక్కడ తెస్తాము? ఈత మట్టలు కోసుకొస్తాము. ముళ్ళు గుచ్చుకొని పిల్లలు ఏడవడం ఊరేగింపులో ఒక భాగమే.

శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటలపై ప్రసంగాలు. ఎండలో రేకుల కింద మూడు గంటలు కూర్చోవడమే ఒక శ్రమ. ఆ మధ్యాహ్నం చీకటి కమ్మిందని సువార్తలు చెబుతాయి. దాన్ని సూర్యగ్రహణం అని కొందరు వివరించబోతారు. పస్కా పున్నమి పండుగ. సూర్యగ్రహణం అమావాస్యకే గాని రాదు. కనుక ఆ వివరణ నిలవదు.

పెంతెకొస్తు దగ్గర రైతుబిడ్డకు ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. ఈస్టరుకు యాభయ్యో రోజు అది. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగగా మేము చేస్తాము. యూదులకు మాత్రం అది అంతకుముందు నుంచే గోధుమ కోత పండుగ. లేవీయకాండము 23వ అధ్యాయం చూస్తే, పస్కా దినాలలో మొదటి పన తెచ్చి అర్పించాలనీ, యాభై రోజులకు కొత్త గోధుమలతో రెండు రొట్టెలు తేవాలనీ ఉంటుంది. ఆ మొదటి పన యవల పన, అక్కడ ముందు పండేవి యవలు. పాలస్తీనాలో వాన చలికాలంలో పడుతుంది, కోత వసంతంలో వస్తుంది. ద్రాక్ష, ఒలీవ పండ్లు ఇంటికి చేరాక పర్ణశాలల పండుగ. అంటే ఆ పండుగలన్నీ రైతు పండుగలే, వాటి కింద కళ్ళం ఉంది. మనకు అంతా తలక్రిందులు. పెంతెకొస్తు మే, జూన్ నెలల్లో వస్తుంది. అక్కడ ధాన్యం గంపకు ఎత్తే వేళ, ఇక్కడ మేము విత్తనపు చెనిక్కాయలు ఒలుస్తూ ఆకాశం వైపు చూస్తూ ఉంటాము. వారి కోత పండుగ మాకు విత్తుల పండుగ అయింది.

ఆ తరువాత ఆగమన కాలం దాకా పెద్ద పండుగలు లేవు. గుడిలో బల్ల మీద పచ్చ గుడ్డ పరుస్తారు. జూన్ నుంచి నవంబరు చివర దాకా అదే. ఇది ఐరోపాలో ఏర్పాటైన రంగు, మా ఖరీఫును చూసి పెట్టింది కాదు. కాని వాన సక్రమంగా పడిన ఏడు, గుడి లోపలా పచ్చ, కిటికీ బయటా పచ్చ. పడని ఏడు లోపల మాత్రమే.

ఇక కోత పండుగ. నేను చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడ ఉంది.

ఈ పండుగకు పట్టిక లేదు, పున్నమి లేదు. మూలం ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ఉంది. భూమి ఫలాలలో మొదటివి గంపలో పెట్టి తెచ్చి దేవుని ఎదుట ఉంచడం. ఇంగ్లండులో 1843లో కార్న్‌వాల్ తీరాన మార్వెన్‌స్టో అనే ఊరి పాదిరీ రాబర్ట్ స్టీఫెన్ హాకర్ తన ఊరివాళ్ళను కోత కృతజ్ఞతకు గుడికి పిలిచినప్పటి నుంచి ఇప్పటి రూపం వ్యాపించిందంటారు. తెలుగునాట దీనికి ప్రాణం పోసినవారిలో ముందు చెప్పవలసినవారు దోర్నకల్లు బిషప్ వి.ఎస్. అజరయ్య. 1912లో బిషప్ అయిన మొదటి భారతీయ ఆంగ్లికన్ ఆయన. డబ్బు చేతిలో ఆడని కూలీలూ, చిన్నరైతులూ నిండిన సంఘాలవి. ధాన్యం తేవచ్చు, కోడి తేవచ్చు, వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు తేవచ్చు. ఇచ్చేవాడికి తల ఎత్తుకొనే వీలు కలిగించడమే అందులోని కీలకం.

మా సంఘంలో నా చిన్నప్పుడు కోత పండుగ ఫలానా తేదీ అని ఉండేది కాదు. చెనిక్కాయ పీకి, కుప్పలు వేసి, కాయ కోసి, మూటలు ఇంటికి చేరాక, పెద్దలు పాస్టరు అయ్యగారితో మాట్లాడి ఒక ఆదివారం చెప్పేవారు. నవంబరులో కావచ్చు, డిసెంబరు మొదట్లో కావచ్చు. గుడి ముందు అరటి చెట్లు కట్టేవారు. బల్ల ముందు రాగుల చాటలు, గుమ్మడికాయలు, చెనిక్కాయల గంపలు, టెంకాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ప్రసంగం మధ్యలో కోడి కూసేది. ఆరాధన తరువాత చెట్టు కింద వేలంపాట. పాతిక రూపాయల సొరకాయ రెండు వందలకు పోయేది. అది సొరకాయ ధర కాదు, గుడికి ఇచ్చే కానుక. ఆ సంగతి పాడేవాళ్ళకూ, చూసేవాళ్ళకూ తెలుసు. మా ఊళ్ళో క్రైస్తవులు కానివాళ్ళు కూడా ఆ పాటలో నిలబడి పాడేవారు.

2018లో వాన ముఖం చాటేసింది. మా మూడెకరాల చెనిక్కాయలో పెట్టిన విత్తనం కూడా తిరిగి రాలేదు. చెట్లు పీకి పశువులకు వేశాము. ఆ ఏడు కోత పండుగ చేద్దామా వద్దా అని పెద్దలు తర్జనభర్జన పడి, మిగతా ఊళ్ళన్నీ చేస్తున్నాయి గదా అని చేశారు. వట్టి చేతులతో పోవడానికి మా నాయనకు ముఖం చెల్లలేదు. ముందునాడు సంతకు పోయి నలభై రూపాయలు పెట్టి ఒక గుమ్మడికాయ కొనుక్కొచ్చినాడు. అవ్వ చూసింది. "కొనుక్కొచ్చింది కోత ఎట్లవుతాదిరా? సంతలో సరుకు దేవునికి చూపిస్తావా?" అనింది. నాయన ఏమీ మాట్లాడలేదు. మరునాడు దాన్ని భుజాన పెట్టుకొనే పోయినాడు. ఆ రోజు బల్ల ముందు మామూలు కంటే గుమ్మడికాయలు ఎక్కువగా ఉన్నాయి. సంతకు పోయినవాడు మా నాయన ఒక్కడే కాదని అప్పుడు తెలిసింది. అయ్యగారు హబక్కూకు మూడవ అధ్యాయం చివరిభాగం చదివారు, పొలాలు పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా అన్న ఘట్టం. చదివేటప్పుడు ఎవరి ముఖం వైపూ చూడలేదు. వేలంపాటలో ఆ గుమ్మడికాయలకు పాడేవాడే లేడు. చివరికి మా కాయను నాయనే అరవై రూపాయలకు పాడుకొని ఇంటికి తెచ్చినాడు. ఒకే కాయను రెండుసార్లు కొన్నవాణ్ణని తరువాత చాలా కాలం తనే చెప్పి నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

ఆ తరువాత మార్పులు వచ్చాయి. మా పాస్టరేటు కింద చాలా ఊళ్ళు ఉన్నాయి, అయ్యగారు ఒక్కరే. ప్రతి ఊరికీ ఆయన ఉన్న ఆదివారమే కోత పండుగ కావాలి. బెంగళూరులో పని చేసేవాళ్ళకు ముందుగా తేదీ తెలిస్తే గాని సెలవు దొరకదు. గుడికి వచ్చే కానుకలో సగం ఇప్పుడు వాళ్ళ కవర్లే. వాళ్ళను కాదనడానికి వీల్లేదు. పంటలు కూడా మారినాయి. టమేటాకు ఒక కోత అని లేదు, వారానికి రెండు కోతలు. పాలు రోజూ. పట్టుగూళ్ళు ఏడాదికి నాలుగైదు పంటలు. టమేటా 2023 జూలైలో మదనపల్లె మండీలో కిలో వంద దాటింది. ఇంకొకప్పుడు బాడుగ కూడా రాక రోడ్డు పక్కన పారబోసి వస్తారు. ఇందులో దేన్ని కోత అనాలి? ఈ కారణాలన్నీ చూపించి, సంఘ కమిటీలో నవంబరు రెండో ఆదివారం అని ఖాయం చేశారు. వాదనలో బలం లేదని నేను అనను.

కాని పైన 2019 ఈస్టరు గురించి చెప్పినదాన్ని ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. ఈస్టరుకు పట్టిక అవసరమే, అది లోకమంతా ఒకే రోజు చేసే పండుగ గనుక. కోత పండుగ లోకానిది కాదు. ఈ చెరువు కింద, ఈ గుట్ట కింద పండినదాన్ని పట్టుకొని వచ్చేది. దీనికి పట్టిక వేస్తే మా నాయన వంటివాణ్ణి సంతకు పంపినట్టే. ఈస్టరుకు పట్టిక తప్పు పోతే ఆకాశానికి నష్టం లేదు, చంద్రుడేమీ అనుకోడు. ఇక్కడ తప్పు పోతే ఒక మనిషి గుడి వెనక వరసలో తల దించుకొని కూర్చుంటాడు. సెలవుల్లో కమిటీవారి ఎదుట నేను ఈ మాటే అన్నాను. అయ్యగారిని పలమనేరు నుంచి రప్పించలేకపోయిన ఆదివారం ఊరి పెద్దలే ఆరాధన జరిపించవచ్చునని, తేదీ మూడు వారాల ముందు ఫోనులో చెబితే బెంగళూరువాళ్ళు రాలేకపోరని కూడా అన్నాను. "నువ్వు చదువుకునేవానివి, నీకు తెలీదులే అబ్బోడా" అన్నారు ఒక పెద్దాయన. కోపంగా ఏమీ కాదు. ఆయన కొడుకు కూడా బెంగళూరులోనే ఉన్నాడు.

2025లో నవంబరు రెండో ఆదివారం 9వ తేదీ అయింది. చెనిక్కాయ మేము మానేసి నాలుగేండ్లు అయింది. రాగి ఇంకా చేలోనే, గింజ పాలు పట్టి పచ్చగా నిలబడి ఉంది. నాయన ఇంట్లో టమేటాలు ఒక బాక్సు తీసుకుపోదామన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. తెల్లవారకముందే చేలోకి పోయి నాలుగు పచ్చి రాగి కంకులు విరిచి, చీర కొంగున చుట్టుకొని వచ్చింది. ఆమె బైబిలు చదివింది కాదు, యవల పన సంగతి నేను చెప్పిందీ లేదు. బల్ల ముందు రాగుల చాటలు ఉండే చోట ఆ నాలుగు కంకులు పెట్టింది. వేలంపాటలో వాటిని పైకెత్తి చూపిస్తే పిల్లలు నవ్వారు. మా పక్కింటి రెడ్డెన్న పది రూపాయలకు పాడి, తీసుకుపోయి ఆవుకు వేశాడు. టమేటా బాక్సు ఆరు వందలకు పోయింది.

కమిటీవారు వచ్చే ఏడు తేదీ అప్పుడే అచ్చు వేయించేశారు. 2026లో నవంబరు రెండో ఆదివారం 8వ తేదీ అవుతుంది. నాయన గోడ మీద ఆ కాగితం చూసి, వాన పడితే ఈసారి రాగి నారు పదిహేను రోజులు ముందే పోద్దామంటున్నాడు.